ఉల్లిగొట్టంలో పచ్చపురుగు

ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. ఆ మాట అన్నవాళ్లు పురుగు పట్టిన ఉల్లికాడను ఎన్నడూ చీల్చి చూసి ఉండరు. నేను చూశాను. కాడ లోపలి గొట్టంలో పచ్చపురుగు హాయిగా పడుకుని, తిన్నచోటే దొడ్డికి పోతూ కాపురం చేస్తుంది. వేలు పెడితే నల్లటి తడి ముద్ద అంటుకుంటుంది. రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ చేత్తో అన్నం కలపబుద్ధి కాదు.

చొప్పదండిలో మా ఇంటి వెనక, స్నానాల గది నీళ్లు పారేచోట, నాలుగు మడుల ఉల్లి వేసింది మా అత్తమ్మ. మధ్యాహ్నం జొన్నరొట్టె పట్టుకుని మడి గట్టు మీదే కూర్చునేది. ఒక మొక్క పీకి, మట్టిని కొంగుకు తుడిచి, ఆకుతో సహా కరకర నమిలేది. పురుగున్న గొట్టం కనబడితే అంతవరకు గిల్లి పారేసి మిగతాది తినేది. కడగమంటే, "మన మట్టే గదనే" అనేది. నాకసలు పచ్చి ఉల్లి వాసనే పడదు. ఆమె తింటుంటే దూరంగా పోయి నిలబడేదాన్ని.

పురుగుకు ఆమె వైద్యం ఒక్కటే. పొద్దున్నే మంచు ఆరకముందు ఆకుల మీద బూడిద చల్లడం, దొరికిన పురుగునల్లా వేళ్లతో నలిపేయడం. నన్నూ నలపమంది.

"నాతోని కాదు అత్తమ్మా. చూస్తేనే వాంతికొస్తుంది."

"పురుగుకు గింత పరేషాన్ అయితే ఎట్లనే? గదేమన్న నిన్ను మింగుతదా?"

నేను జమ్మికుంట దగ్గరి పత్తిచేన్ల మనిషిని. నేను పుట్టిపెరిగిన మా అవ్వగారింట్లో పురుగంటే పత్తిమందే. మంచంలో నల్లులకూ అదే, గోడకు చెదలు పట్టినా అదే. ఇక్కడ కూడా పత్తికి కొట్టగా మిగిలిన మందు సీసా, దాన్ని చల్లే పంపు మా కొట్టంలోనే ఉన్నాయి. చాలా రోజులు వాటివైపు చూసి ఊరుకున్నాను.

ఒకరోజు అత్తమ్మ మంథనిలో చుట్టాల పెళ్లికి పోయింది. నేను కూరకు ఉల్లికాడలు కోస్తున్నాను. ఏదో మెత్తగా తెగింది. పచ్చపురుగు సగం కత్తిపీట మీద, సగం గిన్నెలో మెలికలు తిరుగుతోంది. నాకు పిచ్చి కోపం వచ్చింది. కోసిన కాడలు పారేసి, పంపు భుజానికి తగిలించుకుని, నాలుగు మడులూ ఆకు తడిసి కారేదాకా కొట్టాను. అత్తమ్మ వచ్చేది సాయంత్రం కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకునేవాళ్లకు నాలాగే తొందరెక్కువ.

ఒళ్లంతా మందు కంపు. స్నానం చేసి వచ్చేసరికి పెరటి తలుపు తీసి ఉంది. పెళ్లి భోజనం నచ్చక ముందు బస్సుకే వచ్చేసిన అత్తమ్మ, గట్టు మీద కూర్చుని రొట్టె తుంచుతోంది. ఉల్లికాడ సగం నోట్లో ఉంది.

"మింగకు!" అని అరిచాను. ఆమె బిత్తరపోయింది. చెప్పే తీరిక లేదు. ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేతి వేళ్లు నోట్లోకి దూర్చి, నమిలిన ముద్దంతా తోడేశాను. ఉల్లి, రొట్టె, ఎంగిలి, ఆ మందు వాసన. పురుగును ముట్టనని బెట్టు చేసిన నా వేళ్లు ఆమె కొండనాలుక దాకా పోయాయి. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

నోరు కడిగించి, మందు సీసా పట్టుకుని, మా ఆయన బండి మీద కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయాం. పొద్దుగూకేదాకా ఉంచుకుని, భయం లేదని పంపారు. ఇంటికొచ్చాక ఆమె పోయి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు మొక్కలన్నీ పీకి, మేకలు ముట్టకుండా గుంత తీసి పూడ్చాను. కొత్త నారు వేరేచోట పెట్టాం. ఇప్పుడు రోజూ పొద్దున గొట్టాలు చీల్చి పురుగులను నేనే వేళ్లతో నలుపుతున్నాను. అలవాటవుతుందంటారు కానీ అబద్ధం. రోజూ అంతే రోత.

మధ్యాహ్నం అత్తమ్మ రొట్టె పట్టుకుని గట్టు మీద కూర్చుంటుంది. మొక్క పీకుతుంది, మట్టి తుడుస్తుంది. కానీ నోట్లో పెట్టుకోదు. నా మొహంలోకి చూసి మెల్లగా అడుగుతుంది: "బిడ్డా, తినాల్నా?"

నేను పోయి పక్కన కూర్చుంటాను. ఆమె చేతిలో కాడ తీసుకుని ముందు నేను కొరికి, నమిలి మింగుతాను. అప్పుడు మిగతాది ఆమె తింటుంది.