హైమ ఫోటో కింద నేను రాసిన తేదీ

2022 వానాకాలం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మా ఫ్రేముల దుకాణం. పైన రెండంతస్తుల్లో కోచింగ్ సెంటర్లు, పక్కన జెరాక్స్ షాపు, ఎదురుగా మెస్సు. అప్పటికి పాతికేళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాను. మా తాతగారి మాట పన్నెండు గ్రామాల్లో చెల్లేది. ఆయన నిలువెత్తు తైలవర్ణ చిత్రానికి చట్రం బిగించిన మనిషి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ పని నేను చేస్తున్నాను. జాలి కోసం ఈ మాట రాయడం లేదు. దుకాణంలోనూ నేను ఇస్త్రీ చొక్కాతోనే కూర్చుంటాను, ఎవరినీ రండి రండి అని పిలవను. జరిగింది అర్థం కావాలంటే ఇంతవరకు తెలిస్తే చాలు.

ఫ్రేముల పని అంటే దేవుడి పటాలూ పెళ్ళి ఫోటోలూ అనుకుంటారు. మా దగ్గర సగం పని పోయినవాళ్ళది. ఫోన్‌లో ఒక ఫోటో తెస్తారు, దాన్ని పెద్దది చేసి, మౌంట్ వేసి, అద్దం బిగించి ఇవ్వాలి. మౌంట్ అంటే ఫోటో చుట్టూ వచ్చే అట్ట అంచు. దాన్ని ఏటవాలుగా, ఒక్క కోతలో కొయ్యాలి. ఆ పని యూసుఫ్ భాయ్‌ది. అరవై దాటినా ఆయన చెయ్యి వణకదు. అంచు కింద పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రం నేనే నల్ల సిరాతో రాస్తాను. ప్రింటు అక్షరాలు నాకు నచ్చవు.

పోయినవాళ్ళ ఫోటో తెచ్చినవాళ్ళని పేరు, రెండు తేదీలు తప్ప ఇంకేమీ అడగకూడదని నియమం పెట్టుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషిని కౌంటర్ దగ్గర నిలబెట్టి ఎలా పోయారు, ఏమైంది అని ఆరా తీయడం నాకు అసహ్యం. పెద్ద ఇంట్లో పెరిగినవాడు అలా అడగడు అనుకునేవాణ్ణి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. జేబులో ఆఫీసు గుర్తింపు కార్డు, చంకలో గొడుగు. ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ కార్యాలయంలో పని, అక్కడే క్వార్టర్స్‌లో ఇల్లు అని తర్వాత తెలిసింది. పేరు రాఘవరావు.

"ఫోటో ఫ్రేమ్ కట్టాలండీ. పన్నెండు బై పదిహేను. దండ వేస్తే ముఖం మూసుకుపోకూడదు."

ఫోన్ ఇచ్చాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. నవ్వుతోంది. చెంప మీద నీలం రంగు మరక.

"పేరు?"

"హైమ. ఇంటిపేరు అక్కర్లేదు."

"తేదీలు?"

పుట్టిన తేదీ గబగబా చెప్పాడు. రెండోది అడిగితే గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. "మొన్న ఆదివారం వెయ్యండి."

ఆ ఫోటోని మా కంప్యూటర్‌లోకి పంపిస్తుంటే ఆయన ఫోన్ మోగింది. తెర మీద అదే ముఖం, అదే నవ్వు. ఆయన కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. "గురువారం వస్తానండీ" అని వానలోకి దిగాడు. గొడుగు తెరవడం మర్చిపోయాడు.

"సాబ్, జర అడగాల్సింది" అన్నాడు యూసుఫ్ భాయ్. "ఫోన్ల వచ్చింది గా పిల్లనే గద?"

"ఆ పిల్ల ఫోన్ ఇంట్లో ఎవరో వాడుతూ ఉంటారు."

"ఇంట్లోళ్ళయితే ఎత్తడా? మూడుసార్లు కట్ చేసిండు."

"మన దుకాణంలో అడగం, యూసుఫ్ భాయ్."

"అవ్ సాబ్. మీరు నవాబులు. మీరెందుకు అడుగుతరు?" అని బ్లేడు అందుకున్నాడు.

నేను ఎప్పటికంటే శ్రద్ధగా రాశాను. చిన్న వయసులో పోయిన పిల్ల కదా అని.

పది రోజుల తర్వాత ఒక అమ్మాయి న్యూస్‌పేపర్ చుట్టిన ఫ్రేమ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. వెనక మా దుకాణం స్టిక్కర్ చూపించింది. "ఇది మీరు కట్టిందేనా అంకుల్? అద్దం పగిలింది, మార్చాలి." పేపర్ విప్పింది. యూసుఫ్ భాయ్ "యా అల్లా" అని లేచి నిలబడ్డాడు.

"పోలిక కుదిరిందా భాయ్?" అని ఆ అమ్మాయి నవ్వింది. మేం నవ్వలేదు. ఆమె కూడా వెంటనే ఆపేసింది.

నేను కౌంటర్ బయటికి వచ్చి స్టూల్ వేశాను. నా నియమం అప్పుడు గుర్తు రాలేదు. ఏం జరిగిందమ్మా అని అడిగాను.

హైమ చిత్రకళ చదువుతోంది, ఆఖరి సంవత్సరం. తల్లి నాలుగేళ్ళ కిందట పోయింది. బొమ్మలు వేద్దామనే కాలేజీలో చేరింది. మొదటి సంవత్సరం ఒక ప్రదర్శనకి తీసుకెళ్ళారట. అక్కడ బొమ్మలే లేవు. ఒకామె నేల మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని.

"నాకు ఒళ్ళు మండింది అంకుల్. మా అమ్మ రోజూ చేసే పని, దానికి ఇంతమంది నిలబడి చూడాలా అనుకున్నా. తిరిగి వస్తుంటే బస్సులో ఏడుపొచ్చింది. అమ్మ ఏరుతున్నప్పుడు ఒక్కసారి కూడా నిలబడి చూళ్ళేదు నేను."

దాన్ని పెర్ఫార్మెన్స్ అంటారని చెప్పింది. నాటకంలో లాగా వేరే మనిషిలా నటించడం ఉండదు. తన ఒంటితో, జనం ముందు ఒక పని చెయ్యడం, అంతే. ఆ పనే బొమ్మ. తర్వాత అలాంటివి ఎక్కడ జరిగినా వెళ్ళేదట. కొన్ని అర్థం కాలేదు, కొన్ని ఒట్టి ఆర్భాటం అనిపించాయి, రెండు మూడు మాత్రం నిద్ర పట్టనివ్వలేదు అంది.

నేను ఫోటో కింద తేదీ వేసిన ఆ ఆదివారమే పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో తనే మొదటిసారి చేసింది. అమ్మ చీరలు పక్కన పేర్చుకుని లంగా, జాకెట్టుతో నిలబడింది. "మీ అమ్మ ఎలా కట్టుకునేదో అలా నాకు కట్టండి" అని వచ్చినవాళ్ళని అడిగింది.

"అమ్మ కుచ్చిళ్ళు ఎలా పెట్టేదో నాకు గుర్తు రావట్లేదు అంకుల్. ఎవరి చేతిలోనైనా ఆ కట్టు దొరుకుతుందేమో అని. ఒక పెద్దాయన వచ్చారు. వాళ్ళావిడకి పక్షవాతం, రోజూ ఆయనే చీర కడతారట. ఆయన పెట్టిన కుచ్చిళ్ళే అచ్చం అమ్మవి."

ఎవరో ఆ పెద్దాయన చేతుల్ని మాత్రమే ఫోన్‌లో తీశారు. లంగాతో ఉన్న పిల్ల నడుము దగ్గర ముసలివాడి చేతులు. కొన్ని క్షణాల వీడియో. సాయంత్రానికి క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అది చూసి తండ్రి, తన వరకు కూతురు పోయిందని అందరికీ చెప్పేశాడు. నేను కట్టిన ఫోటోకి దండ వేసి రోడ్డు మీదికి కనబడేలా వరండాలో తగిలించాడు. హైమ వెళ్ళి తలుపు తడితే తియ్యలేదు. మేకు మీంచి ఫోటో తీసుకుని దిగుతుంటే మెట్ల మీద పడి అద్దం పగిలింది.

"వచ్చే శనివారం అదే హాల్లో మళ్ళీ చేస్తున్నా. నేను కూర్చునేచోట పైన గోడకి ఈ ఫోటో ఉంటుంది. నాన్న వస్తారని మా మేనత్త చెప్పింది. మీరూ రావాలి. అందరి ముందు ఫ్రేమ్ విప్పి, తేదీ తప్పు రాశానని చెప్పి కొట్టెయ్యాలి."

"నువ్వే కొట్టెయ్యొచ్చుగా అమ్మా."

"నేను కొట్టేస్తే మొండితనం అంటారు. నాన్న తన నోటితో వెనక్కి తీసుకోలేరు, ఆయన సంగతి నాకు తెలుసు. రాసిన పెద్దమనిషే తప్పంటే ఆయనకి ఒక సందు దొరుకుతుంది. ఇంటికి రమ్మంటారు అంకుల్. అంతే నాకు కావలసింది."

"నేను దుకాణం పెట్టుకున్నవాణ్ణి. నలుగురిలో నిలబడి ఇలాంటివి చెయ్యడం మా ఇంటా వంటా లేదు."

"నేనొస్త బేటా" అన్నాడు యూసుఫ్ భాయ్.

"రాసింది మీరు కాదుగా భాయ్."

చివరికి వస్తానని మాటిచ్చాను. మాటిస్తే తప్పేవాణ్ణి కాదు.

శనివారం అయిదింటికి నేనూ యూసుఫ్ భాయ్ వెళ్ళాం. పాత ఇంటి ముందు గది అది. నలభై మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది కుర్రకారు. హైమ తన అమ్మ చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. పైన గోడకి కొత్త అద్దంతో ఆ ఫోటో, దానికి దండ. పోయిన పిల్లకి ఏమైనా చెప్పాలనుకున్నవాళ్ళు వచ్చి చెప్పవచ్చు అని ఒక కాగితం మీద రాసి పెట్టారు. ఒక్కొక్కరూ ఎదురుగా కూర్చుని ఏదో చెప్పి వెళుతున్నారు. ఆమె వింటోంది, బదులు చెప్పడం లేదు. నా జేబులో ప్లయర్, పెన్ను ఉన్నాయి.

కాసేపటికి రాఘవరావు వచ్చాడు. లోపలికి రాలేదు. తడి గొడుగు పట్టుకుని గుమ్మంలోనే ఆగాడు. హైమ ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

అప్పుడు లేవాలి. నాలుగడుగులు వేసి ఫోటో దింపాలి. గదిలో పదిహేను ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. రేపు ఈ వీడియో ఎవరెవరి దగ్గరికి వెళుతుందో అని ఆలోచించాను. మా వాళ్ళెవరైనా చూస్తే, ఫలానావారి మనవడు జనం మధ్య నేల మీద కూర్చుని మేకులు పీకుతున్నాడని చెప్పుకుంటారు.

"లేవున్రి సాబ్" అని యూసుఫ్ భాయ్ మోచేత్తో పొడిచాడు.

"ఒక్క నిమిషం."

"ఆయన నిలబడ్డడు సాబ్, లేవున్రి."

"ఒక్క నిమిషం అన్నానుగా."

ఆయన పది నిమిషాలు నిలబడ్డాడు. గదిలో ఉన్న ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు. నన్నూ చూశాడు, గుర్తుపట్టాడు. నేను ముందున్నవాళ్ళ తలల వైపు చూస్తూ నిటారుగా కూర్చున్నాను. మళ్ళీ నేను తిరిగి చూసేసరికి గుమ్మంలో గొడుగు కారిన నీళ్ళు మాత్రమే ఉన్నాయి.

యూసుఫ్ భాయ్ లేచి వెళ్ళి ఫోటో దింపాడు. వెనక అట్ట తీసి, మౌంట్ బయటికి లాగి నా దగ్గరికి తెచ్చాడు. అందరూ నా వైపు తిరిగారు. తేదీ మీద గీత కొట్టాను. "తప్పు రాశాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. హైమ కొట్టలేదు. ఖాళీ గుమ్మం వైపే చూస్తూ, చెప్పిన సమయం అయ్యేదాకా పీట మీద కూర్చునే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఎర్రమంజిల్ క్వార్టర్స్‌కి వెళ్ళాను. రాఘవరావు తలుపు తీసి, మర్యాదగా కుర్చీ వేశాడు. బతికున్న పిల్లకి పోయిన తేదీ రాయడం నా తప్పని, ఆ రోజే అడిగి ఉండవలసిందని చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"నిన్న ఎందుకొచ్చానో తెలుసా అండీ? ఎవరో ఒకరు లేచి, ఇదేంటండీ బతికున్న పిల్లకి దండేంటి అంటారేమో అని. ఒక్క మనిషి అంటే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేద్దాం అనుకున్నాను. అందరూ చూస్తూ కూర్చున్నారు. మీరూ కూర్చున్నారు. సరే, నేను చేసిందే రైటు అనుకుని వచ్చేశాను."

"ఇప్పుడు నేనంటున్నానుగా."

"ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. నేను కాలనీ అందరికీ చెప్పాను." లేచి నిలబడ్డాడు. "టీ తాగుతారా?"

తాగలేదు. హైమ ఆఖరి సంవత్సరం పరీక్ష పాసై గుజరాత్‌లో ఏదో కాలేజీలో చేరిందని యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేసి చెప్పింది. నాకు చెయ్యలేదు. తండ్రి మరుసటి ఏడాది రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాడు. వాళ్ళిద్దరూ కలిసినట్టు వినలేదు.

ఇప్పుడు ఫోటో తెచ్చిన ప్రతివాళ్ళనీ అడుగుతున్నాను, ఎలా పోయారని. కొందరు విసుక్కుంటారు. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పడం మొదలుపెడతారు. అయితే అది తేలికగా వచ్చిన పాఠం. ఆ శనివారం నేర్పింది వేరు. నలుగురికీ కనబడేలా రాసిన తప్పుని నలుగురి ముందే దిద్దాలి, దాని కోసం వచ్చిన మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే దిద్దాలి. ఫ్రేమ్ విప్పడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. ఆయన పది నిమిషాలు నిలబడ్డాడు.