వెనకాల ఆలాపన

పటమటలో బస్సెక్కి, ఒక పాత పాప్ పాటకి వచ్చిన కొత్త డీజే మిక్స్ వింటున్నాను. పక్క సీటులోని పెద్దావిడ నా ఫోన్‌లోకి తొంగిచూసింది.

"బాబూ, ఇందులో వెనకాల ఆలాపన ఉంచారా?"

"ఎందుకండీ?"

"అది నా గొంతే. చర్చిలో పాడుతుంటే విని రికార్డింగుకి పిలిపించారు. పేరు వెయ్యలేదులే. ఈ మిక్సులోళ్ళు ముందు దాన్నే పీకేస్తున్నారు."

నేను నమ్మలేదు. బస్సులో కలిసే ప్రతివాళ్ళకీ ఒక మంత్రిగారు మేనమామే. అయినా ఒక ఇయర్‌ఫోన్ ఆవిడకిచ్చి, మిక్సులన్నీ వరసగా పెట్టాను. పెళ్ళి ఊరేగింపు మిక్స్‌లో లేదు. జిమ్ మిక్స్‌లో అసలు పాటే లేదు. బయట వరిచేలు మెల్లగా వెనక్కి తేలిపోతున్నాయి.

ఐదోదాంట్లో డప్పులన్నీ ఆగి, ఆలాపన ఒక్కటే మిగిలింది. ఆవిడ కళ్ళు మూసుకుని గొంతు కలిపింది. నా చెవిలో ఒక గొంతు, పక్క సీట్లో అదే గొంతు, కాస్త వయసు మీరి.

"పామర్రు!" కండక్టర్ అరిచాడు.

ఆవిడ ఇయర్‌ఫోన్‌ని కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "ఉంచారు బాబూ," అని దిగిపోయింది.

నేను దిగాల్సిన ఉయ్యూరు ఎప్పుడో దాటిపోయింది. తిరుగు బస్సులో ఆ ఐదోదే విన్నాను. పక్క సీటు వైపు చెవికి మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు.