మడమ కింద డొల్ల టైలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అనే పిలుస్తారు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు టైల్స్ పరిచే పని. నేల వాలు సరిచూసే రసమట్టం చేతిలో లేకుండా కనబడడు. చుట్టపుచూపుగా వెళ్ళినా సరే, కూర్చునే ముందు నేల మీద వేలితో కొట్టి చూసే రకం. టైలు కింద సిమెంటు సరిగ్గా నిండక డొల్లగా మోగిందంటే, ఇక ఆ ఇంట్లో కాఫీ కూడా గొంతు దిగదు ఆయనకి. తన కింద పనిచేసేవాళ్ళు అలాంటి టైలు పెడితే, ఇంటివాళ్ళు చూస్తున్నా సరే, పీకించి మళ్ళీ పెట్టించేవాడు. తిట్లు వేరే.

ముప్పై ఏళ్ళూ మోకాళ్ళ మీదే బతికాడు. చివరికి ఆ మోకాళ్ళే చేతులెత్తేశాయి. కుడి మోకాలి లోపల, ఎముకల మధ్య మెత్తటి దిండులా ఉండేది రెండు చోట్ల చిరిగిందన్నారు డాక్టర్లు. చిన్న కంతలు పెట్టి, కెమెరా గొట్టం దూర్చి, చిరిగిన ముక్కలు తీసేసి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఓస్, ఇంతేనా అనుకున్నాడు. అసలు యాతన ఆ మర్నాడు మొదలైంది.

వ్యాయామాలు నేర్పే ఫిజియో అమ్మాయి చెప్పినవి వినడానికి చాలా తేలిక. తువ్వాలు గుండ్రంగా చుట్టి మోకాలి కింద పెట్టుకుని, పది లెక్కపెట్టేదాకా కిందికి అదమాలి. తర్వాత కాళ్ళు చాపి కూర్చుని, మడమను నేల మీద జరుపుతూ కాలు ముడవాలి, చాపాలి. రోజుకు మూడు పూటలు. మోకాలు బూరెలా ఉబ్బి ఉంది. పదిసార్లు ముడిచేసరికి పగలంతా పనిచేసినంత నీరసం. తొమ్మిదోసారికే కళ్ళు మూసుకునేవాడు.

దానికి తోడు మడమ జరిగితేగా! అందరి ఇళ్ళకూ అద్దంలాంటి నేలలు పరిచిన మేస్త్రి సొంతింట్లో గరుకు సిమెంటు నేల. మనదేగా, తర్వాత చూద్దాంలే అంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. జారుతుందని కాలికి తొడుక్కున్న మేజోడు రెండు రోజులకే మడమ దగ్గర చిరిగింది.

భార్య అది చూసింది. తలుపు వెనక పేర్చి ఉన్న మిగులు టైల్స్‌లోంచి ఐదు తీసి, సిమెంటు కలిపి, ఆయన చాప ముందు వరసగా అతికించింది. ఒక్కోటి ఒక్కో ఇంటిది, ఒక్కో రంగు.

సిమెంటు ఆరాక మడమ హాయిగా జారింది. నాలుగో టైలు మీదికి వచ్చేసరికి డబ్బాలా మోగింది. డొల్ల. మేస్త్రి తిట్టబోయి, మడమను ఐదో టైలు మీదికి జరిపాడు.

ఆరు వారాలు రోజూ ఆ చప్పుడు విన్నాడు. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని పనిచేయగలడా, లేదా? ఇద్దరి మనసులోనూ ఉన్నది ఆ ఒక్క మాటే. ఇద్దరూ పైకి మాత్రం వాపు తగ్గిందా, మందు వేసుకున్నారా అనే మాట్లాడుకునేవాళ్ళు.

ఆరో వారం చివర ఫిజియో అమ్మాయి మోకాలు వంచి చూసి మెచ్చుకుంది.

"బాగా వంగుతోంది మేస్త్రి గారూ. నడవండి, మెట్లెక్కండి. రోజంతా మోకాళ్ళ మీద కూర్చునే పని మాత్రం ఇక వద్దు. ఉన్న కాస్త దిండూ అరిగిపోతుంది."

"పోనీ, ఒక పూట పని అమ్మా?"

"వద్దండీ."

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా తాపీ తీసుకుని నాలుగో టైలు దగ్గరికి వెళ్ళాడు. గోడ పట్టుకుని మెల్లగా వంగాడు. మోకాలు నేలకు ఆనిందో లేదో ప్రాణం జివ్వుమంది. తాపీ చేతిలోంచి జారిపోయింది. లేవడానికీ చేతకాలేదు.

భార్య పరుగెత్తుకొచ్చి, చంకల కింద చేతులు వేసి లేపి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"ఇప్పుడేం మునిగిపోయిందని?"

"అది డొల్లే."

"నాకు తెలుసు. పెట్టిన రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"మీరు తిడతారని చూశాను. ఆ రోజు తిట్టలేదు, మర్నాడూ తిట్టలేదు. ఈయన ఇక పనిలోకి వెళ్ళడు, తనకీ ఆ సంగతి తెలిసిపోయింది అనుకున్నా. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను."

మేస్త్రి గోడకి ఆనుకున్నాడు. అలసిపోయాడు. మోకాలొక్కటే కాదు, మనిషంతా అలసిపోయాడు.

"పీకెయ్," అన్నాడు.

ఆమె తాపీ అందుకుని టైలు లేపింది. వెనకవైపు సగం బోసిగా ఉంది.

"ఇలాగా పెట్టేది? మూలలకి సిమెంటు ఎవరు పెడతారు, మీ బాబా?"

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. సిమెంటు కలుపుకొచ్చి గరుకు నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఆ మోకాళ్ళ వంక చూశాడు మేస్త్రి. చాప మీద చుట్టిపెట్టి ఉన్న తువ్వాలు అందుకుని ఆమె వైపు విసిరాడు.

"ముందు అది కింద వేసుకో," అన్నాడు. "నేను ముప్పై ఏళ్ళూ వేసుకోలేదు."