వరుస తప్పిన చిలుకలు

సిద్ధిరాములు తాత చేతికి తిరుగు లేదని పోచంపల్లి నుంచి ఎల్బీనగర్ దాకా చెప్పుకునేవారు. చెప్పుకున్నవారిలో ఆయన కూడా ఉన్నాడనుకోండి. నేను ఆయన ఇంటి మేడ మీద కిరాయికుంటాను. కొడుకు ఉపేందర్ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి తండ్రిని తెచ్చుకుంటే, ఈయన ముందుగదిలో గచ్చు తవ్వించి గుంట మగ్గం దించాడు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే తప్ప ఆయనకు పొద్దు పోదు.

ఉగాది నాడు నన్ను పిలిచి చీర చూపించాడు. అంచు మీద నేసిన చిలుకల్లో ఒకటి వరుస తప్పింది. విప్పి మళ్లీ నేశాడు. మళ్లీ తప్పింది. బోనాలు దాటాక మరీ ఘోరం. సాయంత్రం మగ్గం మీది పడుగు దారాలు బిగిస్తే తెల్లారేసరికి ఎడమవైపు సడలిపోయేది. కళ్లద్దాలు మార్చినా అంతే.

"నా కండ్లు పోయినయా, చేతులు పోయినయా? సమజైతలేదే," అన్నాడు భార్య కొమురమ్మతో.

"రెండూ పోయినయి. నోరొక్కటే మిగిలింది," అందామె.

వీధి కింద మురుగునీటి సొరంగం తవ్వుతున్నారని అందరికీ తెలుసు. అయినా తలుపు పట్టేస్తే వాననీ, గోడ బీటలిస్తే ఉపేందర్ పిసినారితనాన్నీ తిట్టాం. తాత తన్ను తానే తిట్టుకున్నాడు. చివరికి మగ్గం అమ్మేస్తానన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

కొనేవాడు వచ్చిన పొద్దున, ఆఖరిసారి కూర్చుందామని గుంటలో కాళ్లు పెట్టి కేకేశాడు. మోకాలి లోతు నీళ్లు! వీధిలో ఏ నల్లాకీ చుక్క రావడం లేదు.

సొరంగం పని చూసే ఇంజనీరు పరుగున వచ్చాడు. "కింద మట్టి తీసేకొద్దీ పైన నేల కుంగింది. ఈ ఇల్లు ఎడమవైపు దిగింది. రోడ్డు కింద నల్లా పైపు కూడా వంగి అతుకు విడిపోయింది."

జనం ఆయన మీద పడ్డారు. తాత మాత్రం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎడమ దిక్కా? గట్టిగ చెప్పు సారూ, మా ముసల్దానికి ఇనవడాలె!" కొనేవాడివైపు తిరిగి, "పో బిడ్డా, అమ్మేది లేదు," అన్నాడు.

అంతలోనే మొహం చిన్నబోయింది. "సారూ, మా గల్లీ కిందికి ఎప్పుడొచ్చిన్రు?"

"బోనాలయ్యాకే."

తాత మగ్గం మీది చీరను తడుముతూ నిలబడ్డాడు. "మరి చిలుకలు ఉగాదికే తప్పినయి గదనే?"

కొమురమ్మ ఆయన్ని చూసింది. "నీకు యాది లేదు. తప్పింది బోనాలైనంకనే."

"ఔనా?" అని నావైపు తిరిగాడు.

"ఔను తాతా," అన్నాను.