మందు మైల

రాజాం నుంచి మా మావ ఊరికి బండి మీద ముప్పావుగంట. శనివారం మధ్యాహ్నం కాలేజీ అవగానే భార్యనీ, నాలుగేళ్ల కూతుర్నీ ఎక్కించుకుని బయలుదేరేవాణ్ణి. ఊరి మలుపు తిరిగితే రోడ్డుకి రెండు పక్కలా వరి. భాద్రపదం ఎండలో దేనికీ అంచులుండవు. అన్నీ నిద్రలోంచి చూస్తున్నట్టే ఉంటాయి. ఆ పచ్చదనం మధ్య ఒక తెల్లటి మబ్బు నేల మీదే నడుస్తూ కనిపించేది. మబ్బులో ఒక మనిషి. ఎండ ఆ తుంపర మీద పడ్డప్పుడు మూరెడు ఇంద్రధనస్సు పుట్టి, ఆ మనిషి వెంటే గట్టు దాకా నడిచి, అక్కడ కరిగిపోయేది. నేను బండి ఆపి చూసేవాణ్ణి. పిల్ల చప్పట్లు కొట్టేది.

ఆ మనిషి మా మావ. వీపున పంపు పెట్టుకుని వరికి పురుగుమందు కొడుతున్నాడు. ఆ ఇంద్రధనస్సు దేనితో తయారైందో నాకు చాలా రోజులు తట్టలేదు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఇలాంటివి మాకు కొంచెం ఆలస్యంగా తెలుస్తాయి.

మావంటే మా అమ్మ తమ్ముడు, నాకు పిల్లనిచ్చిన మామా ఆయనే. కాబట్టి నన్ను గౌరవించాల్సిన అవసరం ఆయనకి ఏ వైపునుంచీ లేదు. పంపు దించి ఇంటికొచ్చేసరికి మనవరాలు గుమ్మంలో ఎదురుచూస్తుండేది. తడి చొక్కాతోనే దాన్ని భుజానికెత్తుకుని వీధంతా తిప్పేవాడు. అది ఆయన మెడ మీద చెంప ఆనించి అలాగే నిద్రపోయేది. వాళ్లిద్దరికీ మిగతా వారమంతా ఆ ఒక్క గంట కోసమే గడిచేదని నా అనుమానం.

"సిన్నప్పుడు నాన్న వాసనంటే ఇదేననుకునీదాన్ని బావా," అంది మా ఆవిడ ఓసారి, వాళ్లని చూస్తూ. "మడుసులకి ఈ వాసన ఉండదని హాస్టలుకెల్లేకే తెలిసింది."

ఒక ఆదివారం పొద్దుటికి పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. చెంప మీద దద్దుర్లు. ఊపిరి తీస్తే లోపల పిల్లి కూన కూస్తున్నట్టుంది. రాజాంలో డాక్టరు దద్దుర్లు ఒకే చెంప మీద ఉండటం చూసి, ఇంట్లో ఎవరైనా పొలానికి మందు కొడతారా అని అడిగాడు. పిల్లల చర్మం పల్చన, ఊపిరితిత్తులు చిన్నవి, ఆ బట్టలకీ ఒంటికీ దూరంగా ఉంచండి అన్నాడు.  ఇంటికొచ్చి తాళం తీస్తూ మా ఆవిడ అంది:

"కోతలయ్యేదాకా దీన్ని ఊరు తీసుకెల్లను. నువ్వే సెప్పు నాన్నకి."

చెప్పే పని నాకు పడింది. మావ ఇంటి అరుగు మీద కూర్చుని నలభై నిమిషాలు చెప్పాను. మందు చర్మంలోంచి ఎలా ఇంకుతుందో, బట్టల్లో ఎలా నిలిచిపోతుందో, పిల్లలకి ఎందుకు ఎక్కువ హానో. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఏకాగ్రత అనుకున్నాను.

"అయిపోనాదేటి?" అన్నాడు కళ్లు తెరిచి. "ఒరే, దాన్నేటంతారు?"

"పురుగుమందు."

"మందా, కాదా?"

"మందే గానీ మావా..."

"మరి మందు సెరుపెలగ సేస్తాదిరా? జొరానికీ మందే, సేనుకీ మందే. పెల్లిల్లల్లో మీ మేస్టర్లు సాటుకెల్లి తాగీదీ మందే."

"డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది మావా."

"అది పురుగులకేసినార్రా. సదువుకున్నోడివి, ఆ మాత్రం తెలవదేటి?"

పాఠం అక్కడితో ముగిసింది. జ్వరం తగ్గించేదాన్నీ, పురుగుని చంపేదాన్నీ, మనిషిని తూలించేదాన్నీ, దీపావళికి పేలేదాన్నీ ఒకే మాటతో పిలిచే భాషలో నేను పాఠం మొదలుపెట్టడమే పొరపాటు. కానీ లేచి వస్తుంటే ఆయన పొలం వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "నా మనవరాలికి నానే అంటు అయిపోనానేటి?"

తర్వాతి శనివారం ఒక్కణ్ణే వెళ్లాను. మావ వీధి చివరికే వచ్చి నిలబడ్డాడు. నన్ను చూశాడు, నా వెనకాల ఖాళీ సీటు చూశాడు, పశువుల కోసం వచ్చినట్టు అటు తిరిగిపోయాడు. అన్నం కెలికి వదిలేశాడు.

అత్త అదంతా చూసింది. ఐదో తరగతి తర్వాత బడి మొహం చూడని ఆవిడకి, నా సబ్జెక్టులో ఏ మాట తక్కువైందో తెలిసిపోయింది.

"ఇదిగో, సెలూను నుంచొచ్చి తానం సెయ్యకండా గడప తొక్కుతావేటి?" అంది మావతో.

"ఎందుకు తొక్కుతానే?"

"ఏం?"

"మైల కదే."

"మందు కొట్టినా మైలే. ఈయేల నుంచి మన కొంపలో మందు మైల."

"అదెక్కడిదే? నానెప్పుడూ ఇన్లేదు."

"మాయమ్మ సెప్పీది."

వాళ్లమ్మ పోయేనాటికి ఆ ఊరికి పంపే రాలేదు. నేను నోరు మూసుకున్నాను. శాస్త్రానికి కొన్నిసార్లు మౌనమే మంచిది.

మైల అనేసరికి మావ మారు మాట్లాడలేదు. మందు కొట్టిన రోజు వీధి గుమ్మంలోంచి రాడు. దొడ్డిదారిన వచ్చి, బోరు దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకుని గానీ ఎవరినీ ముట్టుకోడు. ఆ బట్టలకి వేరే మేకు, వేరే బకెట్టు. ధాన్యం బస్తాల పక్కనుండే డబ్బాలు పొలంలో షెడ్డుకెళ్లాయి, షెడ్డుకి తాళం పడింది. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ వచ్చాయి. ఎదురుగాలిలో కొడితే మైల రెట్టింపని అత్త తేల్చాక గాలి వాటం చూసుకోవడం మొదలుపెట్టాడు. నా నలభై నిమిషాల పాఠం మొత్తం అందులో ఉంది, నా పేరు తప్ప. పైగా ప్రతిసారీ ఈ తంతెందుకని, అలవాటు కొద్దీ కొట్టే మందులు మానేసి, పురుగు కనబడితేనే కొట్టేవాడు.

మైల అక్కడితో ఆగలేదు. తలుపులు మూసి వెలిగించే దోమల చక్రానికి పట్టింది; అటక మీంచి దోమతెర దిగింది. అగరొత్తుల పొగా పొగేనని అనబోయాను. అత్త చూపు చూసి మానేశాను. ఆ చూపు నా సంచీ మీద వాలింది. పిల్లకి పంపడానికి కొన్న బిస్కట్ల పక్కన ల్యాబులో వేసుకునే నా చిల్లుల కోటు మడత పెట్టి ఉంది.

"ఇయ్యేటి బాబూ, కన్నాలు?"

"యాసిడ్ అత్తా."

"యాసిట్టూ బిస్కట్లూ ఒకే సంచీలోనేటి?"

 కాసేపటికి బోరు దగ్గర మావ వెనక తువ్వాలుతో వరసలో నిలబడ్డాను.

"రారా ఎమ్మెస్సీ," అన్నాడు సబ్బు అందిస్తూ. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అప్పుడే.

ఇవన్నీ విని మా ఆవిడ ఊఁ అనేది, అంతే. మూడు వారాలయ్యాక, మావ మందు కొట్టనన్న శనివారం చూసి, వస్తానంది. కానీ ముందురోజు వాన పడి ఆయన పని ఆ శనివారానికి జరిగిన సంగతి మాకెవరూ చెప్పలేదు. మలుపు తిరగ్గానే వరి మధ్యలో ఆ తెల్లటి మబ్బు. బండి ఇంకా ఆగనేలేదు, పిల్ల జారి దిగి "తాతా!" అంటూ గట్టు మీద పరుగు తీసింది.

మావ చూశాడు. పంపు కట్టేశాడు. ఒక్క క్షణం చేతులు వాటంతటవే చాచుకున్నాయి. తర్వాత రెండూ పైకెత్తేశాడు.

"రాకే! మైల! రాకే తల్లీ!"

అది ఆటనుకుని ఇంకా వేగంగా ఉరికింది. అరవయ్యేళ్ల రైతు వీపున పంపుతో వెనక్కి తిరిగి పరుగెత్తాడు. పరుగెత్తి, కాలవ దూకి, అవతలి గట్టున రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏటి బావా, పులొచ్చినాదేటి?" అరిచాడు పక్క పొలం ఆయన.

"పులి మనవరాలు!" అన్నాడు మావ.

మా ఆవిడ పిల్లని ఇవతలే ఒడిసి పట్టుకుంది. కాలవకి అవతల తండ్రి, చేతులు ఇంకా దించలేదు. మధ్యలో ఆకాశం నీళ్లలో పడి మెల్లగా కిందికి పోతోంది. ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నేను బండి స్టాండు సరిచేశాను. స్టాండు సరిగానే ఉంది.

"బేగి తానం సేసొచ్చీ నాన్నా," అంది. "దీన్ని అట్టే పెడతాను."

ఆయన బోరు దగ్గర చాలాసేపు ఉన్నాడు. పిల్ల అంతసేపూ ఊరికే ఉండే రకం కాదు. వాకిట్లో నిన్నటి వాన నిలిచిన గుంటలో కూర్చుంది. ఎండ పసుపురంగుకి తిరిగింది. మావ తడి జుట్టుతో, ఉతికిన తెల్ల చొక్కాతో, కొత్త పెళ్లికొడుకులా జంకుతూ వచ్చి చేతులు చాచాడు.

పిల్ల లేచి వెనక్కి నడిచింది. మోచేతుల దాకా మట్టి. రెండు చేతులూ పైకెత్తింది.

"రాకు తాతా! నాను మైల!"

మావ ఆగిపోయాడు. నిజంగానే ఆలోచించాడు. అరుగు మీద చిక్కుళ్లు ఒలుస్తున్న అత్త వైపు చూశాడు. అత్త తల ఎత్తలేదు.

"బురదకి మైలేటే, పిచ్చి గుంటా," అని దాన్ని ఎత్తుకుని, మెడ దగ్గర చోటు చూపించాడు.