కణుజులు దిగే చోటు

వాన వెలిసిన పొద్దున కిటికీ తెరిస్తే, బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌లోకి వెనక అడవి నుంచి తడి ఆకుల వాసన వస్తుంది. వెంటనే రాజయ్య అంకుల్ గుర్తొస్తారు. తాతల నాడే ఈ దీవికి వలస వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం వారిది. బస్సు నడిపి రిటైరై మా కింది అంతస్తులో ఉండేవారు. ప్రతి ఆదివారం అడవి అంచున నడిచి, కణుజుల గిట్టల గుర్తులు వెతికి నోటుబుక్కులో బొమ్మ గీసుకునేవారు. కణుజులంటే పెద్ద జింకలు. ఈ దీవిలో మిగిలినవి కొన్నే.

ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్ళారు. వాగు పక్కన పిల్లతో తల్లి కణుజు నీళ్ళు తాగుతోంది. నేను ఫోన్‌తో ఒక ఫోటో తీసుకున్నాను.

"చూసినాం, చాలు తంబీ. ఎక్కడని ఎవరికీ చెప్పొద్దు. మనుషులు మూగితే అది జాగా మారుస్తాది. ఈ చిన్న ఊర్లో దానికి ఇంకో జాగా ఏది?" అన్నారు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. కార్తీక మాసంలో మా తెలుగువాళ్ళు వనభోజనాలకు చోటు వెతుకుతుంటే, గ్రూపులో ఫోటో, దారి రెండూ పెట్టేశాను. ఆదివారం పిల్లాజెల్లాతో నలభై మంది దిగారు, పులిహోర గిన్నెలు, పాటల స్పీకరుతో సహా. ఆ గోలకు తల్లి కణుజు బెదిరి రోడ్డు మీదికి దూకింది. ఒక లారీ కీచుమంటూ ఆగింది. తల్లి అవతలి పొదల్లోకి, పిల్ల ఇవతలే.

కబురందుకుని అంకుల్ పరుగున వచ్చారు. "భోజనాలు, ఈ మకాన్ అంతా పార్కులో పెట్టుకుందాం, పదండి. మనం ఉంటే తల్లి రాదు," అని అందరినీ మెల్లగా పంపేశారు.

"నన్ను తిట్టండి అంకుల్," అన్నాను.

"తిడితే తల్లి వస్తాదా? దారి మొదట నిలబడు. ఎవరినీ లోపలికి పోనీకు."

చీకటి పడేదాకా నిలబడ్డాను. మధ్యాహ్నం తన రొట్టెలో సగం తెచ్చిచ్చారు. తల్లీపిల్లా కలిశాయో లేదో తెలియలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు వెతికినా ఒక్క గుర్తూ లేదు. ఆ మూడు వారాలూ నాకు అన్నం సయించలేదు. నాలుగో ఆదివారం, చాలా లోపల, బురదలో పెద్ద గిట్టల పక్కనే చిన్న గిట్టలు! నేను ఏడ్చేశాను. అంకుల్ పెన్సిల్ నా చేతిలో పెట్టి, "నువ్వే గీయి తంబీ," అన్నారు. అంత తప్పు చేసినవాడి చేతికి తన పుస్తకం ఇచ్చిన ఆ మనిషికి నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

ఇప్పుడాయన లేరు. పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో తేదీలు, గిట్టల బొమ్మలే తప్ప ఎక్కడా చోటు పేరు లేదు. "వేర్ నాన్నా? టెల్ మీ లా!" అని మా అమ్మాయి ఇక్కడి ఇంగ్లీషు యాసలో ప్రాణం తీస్తుంది. ఆఫీసు సంగతులు నా నోట ఇప్పటికీ ఆగవు. ఆ చోటు మాత్రం మా ఆవిడకు కూడా తెలియదు.