కొత్త కోటుకు పట్టిన నూగు

హోటల్ లాండ్రీలో ఆమెను అందరూ నూగక్క అంటారు, చాటుగా కాదు, మొహం మీదే. నల్లబట్టకు తెల్ల నూగు అంటుకుంటే ఆవిడకు కంట్లో నలుసు పడ్డట్టే. బస్సులో ముందు నిలబడ్డ పెద్దమనిషి భుజం మీద పోగు కనిపించినా చెయ్యి ఊరుకోదు. అందుకు చీవాట్లు తిన్నా బుద్ధి రాలేదు.

నల్లవి తిరగేసి ఉతకాలి, తువ్వాళ్లతో కలపకూడదు, జేబులో కాగితం ముక్క కూడా ఉండకూడదు, డ్రయ్యర్ జాలీ ప్రతిసారీ దులపాలి. ఇదే మాట అందరి చెవుల్లోనూ ఇల్లు కట్టుకుని పోరుతుంది.

అలాంటి మనిషిని లాండ్రీకి ఇన్‌చార్జిని చేసి కొత్త నల్ల కోటు ఇచ్చారు. తెచ్చి ఇంట్లో తగిలించింది. రెండ్రోజుల తర్వాత పొద్దున అది వేసుకుని అందరి ముందూ నిలబడాలి. ముందురోజు సాయంత్రం పని నుంచి ఇల్లు చేరేసరికి భర్త, రిటైరైన బస్సు డ్రైవరు, గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"నీ కోటు దుకాణం వాసన కొడుతోందని ఉతికేశానే! కొత్త తువ్వాళ్లతో కలిపి."

తీగ మీది కోటు దూదిబస్తాలోంచి లాగినట్టుంది.

"తువ్వాళ్లతోనా? ఎవరు చెప్పారండీ మీకు?"

"కొత్తా పాతా కలిపితే రంగు అంటుతుందని రోజూ నువ్వేగా అంటావు! కోటూ కొత్తదే, తువ్వాళ్లూ కొత్తవే."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన బకెట్టు ముట్టుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు తిడితే మళ్లీ ఈ జన్మలో ముట్టడు.

తడి మీద రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. అందుకని కోటు పూర్తిగా ఆరేదాకా ఆగి, అట్టపెట్టెలకు అంటించే టేపును జిగురు పైకి ఉండేలా వేళ్లకు చుట్టుకుంది. ఆయన వేళ్లకూ చుట్టింది.

"అద్ది లాగండి. రుద్దకండి."

ముందువైపు ఆవిడ, వెనకవైపు ఆయన. బస్సు నడిపినంత శ్రద్ధగా అద్దాడు మహానుభావుడు. నిజం చెప్పాలంటే ఆవిడకు ఆ పూట హాయిగానే ఉంది. టేపు చుట్ట అయిపోయేసరికి కోటు మళ్లీ నల్లగా తేలింది.

పొద్దున అందరూ చప్పట్లు కొడుతుండగా ఇస్త్రీ బల్ల దగ్గరి ఆవిడ వెనకనుంచి గుసగుసలాడింది.

"అక్కా, కాలరు కింద కాస్త నూగుంది. తీసెయ్యనా?"

నూగక్క చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. మా ఆయన మొదటిసారి ఉతికాడు."